కెమెరా పెట్టిన మెరుగు

బావా,

నీ ఫొటో స్టూడియో పని మధ్యలో నువ్వు ఫోనులో చెప్పిన సలహాలన్నీ పొల్లు పోకుండా పాటించాను. లెన్సు మెత్తటి గుడ్డతో తుడిచాను. జూమ్ జోలికి పోకుండా మంచం దగ్గరికే వెళ్లాను. మీ అక్కను కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టాను. "ఏం, నన్ను హీరోయిన్ని చేస్తారా?" అని నవ్వింది. ఆ కాస్త నవ్వుకే ఆయాసం వచ్చింది.

చివరగా బ్యూటీ మోడ్ ఆపమన్నావు. అలాంటిదొకటి ఉందనే నాకు తెలియదు. ఈ చవక ఫోను కొన్నప్పటి నుంచీ అది తనంతట తానే పనిచేస్తోందట. వారం వారం నేను పంపిన ఫొటోల్లో మీ అక్క కళ్ల కింద నలుపు చెరిపి, ముఖానికి నిగారింపు తెచ్చింది అదే. అవి చూసే కదా, "అక్క కోలుకుంటోంది, పెళ్లిళ్ల సీజన్ అయ్యాక వస్తాలే" అన్నావు. పక్కనే ఉన్న నేను కూడా మనిషిని వదిలేసి ఆ ఫొటోలనే నమ్మాను.

ఇప్పుడు తీసింది స్పష్టంగా వచ్చింది. ఫోనులో పంపడానికి చెయ్యి రాక, ప్రింటు వేయించి ఇందులో పెట్టాను. ఒక్కడివే ఉన్నప్పుడు చూడు.

మీ అక్కకు మాత్రం పాతవే నచ్చాయి. "వాడికి అవే పంపండి. ఇది చూశాడంటే పని చెడగొట్టుకుని వచ్చేస్తాడు" అంది.

పని చెడగొట్టుకునే రా, బావా.