పురుగు తొలిచిన చోటు

పెద్దమందడి,
వ్యయ నామ సంవత్సర వ్యాసపూర్ణిమ, 2006.

ప్రియమైన మనుమరాలు సింధూజకు శుభాశీస్సులు.

మన చేతికి వాఙ్మయాన్ని అందించిన వారందరినీ తలచుకొనే పుణ్యదినమిది. ఈనాడే ఒక తల్లికి కొడుకు మాట అందడం లేదు. ముంబైలో మేస్త్రీ పని చేసే గోపి ఈమెయిలు పంపితే, వనపర్తి నెట్ సెంటరులో నేను అతని తల్లి ఎస్తేరమ్మకు చదివి వినిపించేవాణ్ణి. అక్కడ మీ కంపెనీ సాఫ్ట్‌వేరు పెట్టినప్పటి నుండి "సందేశం నియమవిరుద్ధం, నిలిపివేశాం" అన్నదే కనబడుతోంది. "సారూ, ఉన్నడో లేడో తెల్వదు. నేనే ముంబై బస్సెక్కుత" అంటున్నది. అతని చిరునామా కూడా ఆమెకు తెలియదు.

ఆశీస్సులతో,
జంగయ్య తాత

హైదరాబాదు.

ప్రియమైన తాతయ్యకు నమస్కారాలు.

తప్పు అవతలిది. అక్షరాలను ఏ సంకేతంలో రాసిందీ సందేశం ముందే చెప్పాలని ప్రమాణం. గోపి వాడే పాత సాఫ్ట్‌వేరు అది చెప్పదు. కొన్ని అక్షరాలు విరిగి కూడా వస్తున్నాయి. ఊహించి చదివితే ఒక మాట మరొకటవుతుంది. అందుకే అలాంటివి నిలిపివేయాలని మా బృందంలో గట్టిగా వాదించింది నేనే. సోమవారం తుది నిర్ణయం.

మీ సింధూజ

పెద్దమందడి.

ప్రియమైన సింధూజా,

నీ నిష్ఠ మెచ్చదగినది. గద్వాలలో మేము తాళపత్రాలకు ప్రతులు రాసే రోజుల్లో, పురుగు తొలిచిన ఆకును ఒక సహపాఠి పారవేయబోయాడు. గురువుగారు నవ్వి, "పురుగు తిన్నది మూడక్షరాలే గద, నువ్వు ఆకంత తింటవా?" అన్నారు. మరొకడు ఆ ఖాళీని సొంత కల్పనతో పూరించాడు. ఈసారి ఆయన నవ్వలేదు. ఆ పుట చింపించారు. పోయినంత మేర ఖాళీ విడవాలి, తక్కినది ఉన్నదున్నట్లు రాయాలి, మూలాన్ని భద్రంగా కట్టి ఉంచాలి. రాసేటప్పుడు నిష్ఠ, చదివేటప్పుడు దయ, పూరించేటప్పుడు భయం.

ఎస్తేరమ్మ మూట కట్టుకుంటున్నది.

నీ తాత

హైదరాబాదు, సోమవారం.

ప్రియమైన తాతయ్యా,

నా వాదాన్ని నేనే ఖండించాను. "నిన్నటి సింధూజ ఏడ పోయింది?" అని బృందంలోని వాళ్లు ఆటపట్టించారు. "తాటాకులు చదువనీకి పోయింది" అన్నాను. ఇకపై మా సాఫ్ట్‌వేరు పంపేవి నియమం తప్పవు. వచ్చేవాటిలో చదవగలిగినంత చూపుతుంది, చెడిన చోట ఖాళీ గడి పెట్టి, పైన హెచ్చరిస్తుంది, మూలాన్ని తాకదు. నిలిపిన సందేశాలూ విడుదలయ్యాయి. ఆమెను ఆపండి!

మీ సింధూజ

పెద్దమందడి.

ప్రియమైన సింధూజా,

ఎస్తేరమ్మను బస్టాండు నుండే నెట్ సెంటరుకు తీసుకుపోయాను. "అమ్మా, పని అయిపోయింది. □□ వారం వస్త. యాడికీ పోకు." వారం పేరే చెడిపోయింది. సెంటరు నడిపే భాస్కర్, "కూలీలకు పైసలిచ్చేది శనివారమే సారూ, గదే చెప్పుండ్రి" అన్నాడు. నా నాలుక చివరకూ అదే వచ్చింది. మింగి, ఖాళీని ఖాళీగానే చదివాను.

"ఏ వారమైతేంది సారూ, వస్త అన్నడు గద! రోజూ రెండు రొట్టెలు ఎక్కువ చేస్త" అని మూట విప్పింది.

శనివారం దాటింది. ఆ పేరు పలికి ఉంటే ఆదివారమే ఆమె బస్సెక్కేది. నిన్న బేస్తవారం గోపి దిగాడు. రొట్టెలు వేడిగానే ఉన్నాయి.

నీ తరువాత ఈ పని చేపట్టే పిల్లల రాత నిర్దోషమగు గాక. చెడిన మాట వెనుక మనిషి ఉన్నాడని వారు మరువకుందురు గాక. తెలియని చోట ఖాళీ విడిచే ధైర్యం వారికి కలుగు గాక.

ఆశీస్సులతో,
జంగయ్య తాత