మాస్టారు లేరండీ

అక్కకి తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. నువ్వూ, బావా, చంటిదీ కులాసాగా ఉన్నారంటే నా సగం దిగులు తీరినట్టే.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. రెండు పూటలా తింటున్నాను. ఏం తింటున్నావని మాత్రం అడగకు. గది పైకప్పు కారడం ఆగింది. ఇంటాయన బాగుచేయించి కాదు, వానలు తగ్గి. బావ పంపిన చొక్కా నాకు సరిగ్గా సరిపోయింది. వేసుకెళ్తే మా నాలుగో తరగతి పిల్లలు కొత్త చొక్కా అని గుసగుసలాడుకున్నారు. బావ తొడిగి వదిలేసినదని నేనూ చెప్పలేదు.

లెక్కల మాస్టారి సంగతి మళ్ళీ అడిగావు. ఆయన మంచివారక్కా, చిక్కంతా అక్కడే వచ్చింది. నేను చేరిన కొత్తలో పిల్లలు నా నెత్తినెక్కి కూర్చుంటే, ఆయనే పక్క తరగతిలోంచి వచ్చి, గొంతు పెంచకుండా వాళ్ళని ఎలా దారిలో పెట్టాలో చూపించారు. ఆ తర్వాత మధ్యాహ్నం గంట కొట్టగానే నా దగ్గరికి రావడం మొదలైంది. వాళ్ళమ్మగారికి మతిమరుపు ముదిరింది. సాయంత్రం ఈయన వెళ్ళి తలుపు తడితే, "మా అబ్బాయి ఇంట్లో లేడు, తర్వాత రా బాబూ" అంటుందట కన్నతల్లి. రాత్రిళ్ళు ఆయనకి నిద్ర లేదు. ఇంట్లో గోడు చెప్పుకోవడానికి మరెవరూ లేరు. నా అన్నం డబ్బా పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకునేవారు.

మొదట్లో నాకూ గుండె తరుక్కుపోయింది. రానురాను గంట వినబడితేనే దిగులు పుట్టేది. తిండి సగంలో ఆగిపోయేది, దిద్దాల్సిన పుస్తకాలు అలాగే పేరుకుపోయేవి. ఆయన మాటలే చెవుల్లో మోగుతుంటే పాఠం మధ్యలో తడబడి, ఆ విసుగు పిల్లల మీద చూపించేవాణ్ణి.

"నీ వల్ల కాకపోతే కాదని మెత్తగా చెప్పరా" అని రాశావు. చెప్పేశాననీ, ఆయన అర్థం చేసుకున్నారనీ జవాబిచ్చాను. నువ్వు మురిసిపోయి ఆ ఉత్తరం బావకి చదివి వినిపించావట.

అక్కా, నేను చెప్పలేదు.

మా తరగతిని ఆనుకుని చిన్న గది ఉంది, విరిగిన కుర్చీలూ చిరిగిన మ్యాపులూ పడేసే గది. గంట కొట్టగానే డబ్బా పట్టుకుని అందులో దూరేవాణ్ణి. లెక్కల మాస్టారొస్తే నేను లేనని చెప్పమని పిల్లలకి చెప్పాను. వాళ్ళకది భలే ఆట. "మాస్టారు లేరండీ!" అని అందరూ కలిసి రాగం తీసేవాళ్ళు. "అలాగా" అని ఆయన వెళ్ళిపోయే చెప్పుల చప్పుడు వినబడేదాకా నేను ముద్ద నోట్లోనే పెట్టుకుని కూర్చునేవాణ్ణి.

మొన్న పాఠం మధ్యలో, నేను బోర్డు మీద రాస్తుండగా, ఆయన చాక్‌పీసు కోసం గుమ్మంలోకి వచ్చారు. నేను వెనక్కి తిరిగేలోపే క్లాసంతా ఒక్క గొంతుతో "మాస్టారు లేరండీ!" అంది. నేను నేర్పినవాటిలో వాళ్ళకి అంత బాగా వచ్చింది అదొక్కటే. ఆయన నా వంక చూశారు. "సరే పిల్లలూ, వచ్చాక నేనొచ్చానని చెప్పండి" అని వెళ్ళిపోయారు. సిగ్గుతో చచ్చిపోయానక్కా.

సాయంత్రం గేటు దగ్గర ఆయన్ని ఆపాను. "తప్పయిపోయింది మాస్టారూ" అన్నాను.

"మా అమ్మ గుర్తులేక అంటుందయ్యా. నువ్వు గుర్తుండే పిల్లలచేత అనిపించావు" అన్నారు.

నాలుగు తిట్టినా బాగుండేది. అప్పుడు చెప్పాను, ఎప్పుడో చెప్పాల్సింది. "రోజూ వినే శక్తి నాకు లేదు మాస్టారూ. మధ్యాహ్నం నన్ను వదిలెయ్యండి. శుక్రవారాలు మీతో ఇంటిదాకా నడుస్తాను."

ఆయన సంచీ భుజం మార్చుకున్నారు. "ఈ ముక్క ముందే చెప్పుంటే నేను వచ్చేవాణ్ణే కాదు కదా" అన్నారు.

నిన్న శుక్రవారం, వెళ్ళాను. వాళ్ళమ్మగారు తలుపు తీసి, మా అబ్బాయి లేడంది. "ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగారీయన, రోజూ అడిగే మాటలా. "ఇప్పుడొచ్చేస్తాడు" అందావిడ. "అయితే కూర్చుంటాం" అన్నారు. మమ్మల్నిద్దర్నీ లోపలికి రమ్మంది. సొంత ఇంట్లోకి ఆయన రోజూ అలాగే వెళ్తారట. ఆ మనిషికి నేను నా తలుపు దగ్గర కూడా అదే మాట వినిపించాను.

ఆ మాట నేర్పడం నాదే తప్పని పిల్లలకీ చెప్పాను. ఒక పిల్ల లేచి, "మరి ఇకనుంచి ఎక్కడ దాక్కుంటారండీ?" అని అడిగింది. ఎక్కడా దాక్కోనన్నాను. నమ్మినట్టు లేదు.

ఇంత రాశాక ఒక్కటే అడుగుతున్నాను. ఈ ఉత్తరం కూడా బావకి చదివి వినిపించు.

ఇట్లు,
నీకు అబద్ధం రాసిన
నీ తమ్ముడు