ఓబులమ్మ ఉడకబెట్టలేదు

1946 మే 6, సోమవారం

నిన్న ఈ పుస్తకంలో రాసింది తప్పు. "తమ్ముడు చెన్నప్ప నాకోసం నేసిన చీరను చాకలి ఓబులమ్మ ఉడకబెట్టి పాడుచేసింది" అని రాశాను. ఓబులమ్మ కాదు. ఉడకబెట్టింది నేను.

ముప్పై ఏళ్ళు బడిపిల్లల తప్పులకు ఎర్రసిరా గీతలు పెట్టిన చేయి ఇది. సొంత తప్పు దగ్గరికి వచ్చేసరికి పదిహేడేళ్ళు పట్టింది.

చెన్నప్ప కూతురు రత్నమ్మకు రాసిన జాబులోనూ ఇదే అబద్ధం. పొద్దున టపాలో పోయింది కూడా.

మే 7

రత్నమ్మ అడిగింది పెద్ద కోరికేమీ కాదు. నాన్న చేత్తో నేసిన చీర ఒక్కటి చూడాలట. పాడైనదైనా సరేనట. ఆదివారం బద్వేలు నుంచి బస్సులో వస్తుంది. తండ్రి పోయేనాటికి దానికి నాలుగేళ్ళు. దగ్గు గుర్తుంది అత్తా, ముఖమే గుర్తు లేదు అని రాసింది.

ముఖం నా దగ్గరుంది. సన్నని మీసం. ఏదో దొంగిలించి జేబులో దాచుకున్నట్టు నవ్వు...

మే 8

క్షయ అని చెప్పి డాక్టరు మంచం దిగవద్దన్న ఏడాదే చెన్నప్ప పాత సైకిలు కొన్నాడు. చీరల మూట వెనక కట్టుకుని బనగానపల్లె పోయాడు. చీరలు అమ్మి, అదే గుడ్డలో మామిడిపండ్లు మూటగట్టుకుని వచ్చాడు. దారిలో రెండుసార్లు నెత్తురు కక్కాడని ఆలస్యంగా తెలిసింది. పండ్లు మాత్రం ఒక్కటీ నలగలేదు.

ఇంకోసారి గండికోట దగ్గర పెన్న లోయలోకి, దారే లేని చోట దిగాడు. దిగినవాడు ఎక్కలేకపోయాడు. మేకల కాపరి ఒకడు తాడు వేసి లాగాడట. ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకున్నాడు — మేకలకన్నా నేనే తేలికంట అక్కా, అని. నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. కాగితం పాడవుతుంది.

ఎందుకురా ఇట్లా తిరుగుతావు అంటే —

"పండుకుంటే దగ్గు నన్ను తరుముతాండాదక్కా. పోతాంటే నేనే దాన్ని తరుముతాండా."

ఎనిమిదేళ్ళు తరిమాడు.

మే 9

చీర సంగతి. ఇవాళ తప్పించుకోను.

చివరి ఏడాది సైకిలు తొక్కే సత్తువ పోయింది. మగ్గం గుంటలో కూర్చున్నాడు. రోజుకు జానెడు, ఒక్కోరోజు అదీ లేదు. మిరపపండు రంగు ఒళ్ళు, నల్ల అంచు, అంచు పొడవునా కొండకొమ్ములు. అన్నీ ఒకే ఎత్తు, ఒక్కటి మాత్రం మిగతావాటి తలమీంచి చూస్తుంది. ఇదేమిరా, నేత తప్పిందా అన్నాను. నేను దిగిన కొండ అదే, అన్నాడు.

నేత ముగించి ఇస్తే రెండు చేతులా అందుకున్నాను. మురిసిపోయాను కూడా. ఆ మురిపెం నిజమే. ఒక పూట ఉంది.

తర్వాత గుర్తొచ్చింది — తెగిన పోగును నాలుకతో తడిపి, వేళ్ళతో నలిపి అతుకుతారు మా నేతవాళ్ళు. మా నాన్నా అంతే, తాతా అంతే. ఆ చీరలో ఎన్ని అతుకులో! ప్రతి అతుకులోనూ చెన్నప్ప ఉమ్మి.

క్షయరోగి ఉమ్మి ఎంత ప్రమాదమో బడిలో చెప్పేదాన్ని నేనే. గుడ్డను నాలుగు రోజులు గట్టి ఎండలో వేస్తే చాలు, క్రిములు చస్తాయని చెప్పేదాన్నీ నేనే. ఈ సీమలో ఎండకేమైనా కరువా? కానీ చదువు పుస్తకంలో ఉంటుంది, భయం కడుపులో.

వాడు మగ్గం పాకలో కునుకు తీస్తున్న మధ్యాహ్నం... బాన, బట్టల సోడా, మూడు కట్టెలు. నేతింట పుట్టినదాన్ని, కొత్త రంగు ఉడికిస్తే నిలవదని తెలియదా? తెలుసు. కట్టెలు ఎగదోశాను. నీళ్ళు ఎట్లా మారాయో రాయలేను. వాడు కక్కినప్పుడు పళ్ళెంలో చూసిన రంగే.

దండెం మీద ఆరేసేసరికి లేచి వచ్చాడు. అంచు పట్టుకుని చూశాడు. ఓబులమ్మ తెలియక బానలో వేసింది అన్నాను. ఎంత చప్పున వచ్చిందో ఆ మాట!

"ఓబులక్కకు రంగు గుడ్డ తెలీదా అక్కా?"

అంతే. జవాబు కోసం నిలబడలేదు.

మే 10

ఆ సాయంత్రం నీళ్ళడిగాడు. అంతకుముందు మా ఇంట్లో చెంబు నోటికి ఆనించే తాగేవాడు. అమ్మలక్కలు వద్దంటున్నా నేను ఒప్పుకున్నానని నాకు గర్వం. ఆ రోజు చెంబు ఎత్తి పైనుంచి పోసుకున్నాడు. గొంతులో అడ్డంపడి దగ్గాడు. ఎందుకురా ఈ అవస్థ అంటే — అలవాటు చేసుకుంటాండాలే, అన్నాడు.

పోయేదాకా, పదకొండు వారాలు, మా ఇంట ఏ గిన్నే పెదవికి తగలనివ్వలేదు.

వాడికి మొత్తం తెలుసు. నన్ను అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఇక ఓబులమ్మ. నా మాట వీధి దాటింది. నేతిళ్ళవాళ్ళు రంగు గుడ్డలు వేయడం మానేశారు. నేతవీధిలో రంగు గుడ్డలు లేకుంటే చాకలికి మిగిలేది ఏముంది? నాపరాళ్ళ గనిలో రాళ్ళు మోయడానికి పోయింది. పోయేముందు ఒక్కసారి మా గడప దగ్గరికి వచ్చింది.

"నేనేం జేసినానో నువ్వన్నా చెప్పమ్మా."

బడికి వేళైందన్నాను. ఆదివారం అది.

మే 11, శనివారం

పెట్టె తెరిచి చీర తీశాను. సున్నం వెలిసిన గోడలా ఉంది. అంచు నలుపు వెలిసినా ఆ ఒక్క కొమ్ము మాత్రం ఎత్తుగా నిలిచే ఉంది.

మనవరాలు సుబ్బులు వచ్చి, ఎవరవ్వా దీన్ని ఇట్లా జేసినారు అంది. నోరు తెరిచాను. పోయి పొయ్యి చూడవే, పప్పు మాడుతోంది అన్నాను. మాడలేదు.

రేపు పది గంటలకు బస్సు. రత్నమ్మకు చెప్పాలి. అంతకుముందు, గని పని మాని కింది వీధిలో ఉంటున్న ఓబులమ్మకు చెప్పాలి. ఆ వరుస తప్పకూడదు. రత్నమ్మ మెత్తనిది, ఏడ్చి ఊరుకుంటుంది, నేను క్షమాపణ దొరికిందని ఇంట్లో కూర్చుంటాను. నా సంగతి నాకు తెలుసు.

ఓబులమ్మకు ఇప్పుడు చెవుడు. గట్టిగా అరిచి చెప్పాలి. వీధంతా వింటుంది.

... నీళ్ళిస్తుందో, లోపలికి రమ్మంటుందో, చెప్పింది విని తలుపు వేసుకుంటుందో.

పొద్దున సుబ్బులుకు చెప్పాల్సింది: నా ఎడమ చెప్పు తోలుపట్టీ తెగింది. బస్సులు ఆగేచోట కుట్టేవాడు ఉంటాడు, ఏడింటిలోపు కుట్టించుకు రావాలి. రెండు కుట్లు ఎక్కువే వేయించాలి. యాడికవ్వా అంటుంది. కింది వీధి దాకానే అని చెప్పాలి. చీర పెట్టెలో పెట్టవద్దు, నాతో తీసుకుపోవాలి.