నాచు కరవదన్నావు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్న మన జీడితోటలోకి మళ్లీ ఎలుగుబంటి వచ్చింది. నువ్వు మోగించే రేకు డబ్బానే నేనూ బాదాను. తింటున్న పనసపండు వదిలేసి వెళ్లిపోయింది. దానికి ఆపాటి మర్యాద ఉంది. నూతిగట్టు మీది నాచుకి లేదు. వాన పడగానే మళ్లీ పట్టింది, సిగ్గులేనిది. ఎలుగుకి భయపడి తోటంతా డబ్బా కొట్టుకుంటూ తిరిగినవాడివి, గట్టు గీకమంటే "నాచు కరుస్తాదేటే?" అని నవ్వావు. దాని మీదే జారి, తల పగిలి పోయావు.

"ఎలుగుని పట్టించేద్దాం వదినా," అన్నాడు నీ తమ్ముడు.

"మీ అన్నని సంపింది అది కాదురా. ముందు గట్టు గీకు," అన్నాను.

వాడూ నవ్వాడు, అచ్చం నీలాగే. వాడి చేతిలో కొబ్బరిపీచు పెట్టి, రాయి గరుకు తేలేదాకా నీ డబ్బా పట్టుకుని వెనకే నిలబడ్డాను.