నీ మూలుగ నాలో

అక్కా,

నీ ఎముక మూలుగ నాకెక్కించి ఈ అద్దాల గదిలో ఉంచారు. కొన్నాళ్లకే చేపల బుట్టతో ఆటోలో పోతూ, చిల్లకూరు దగ్గర లారీ గుద్ది నువ్వు పోయావు. నీ చివరిచూపుకైనా తలుపు తెరవమని ఎంత ఏడ్చినా తెరవలేదు.

ఈ రోజు డాక్టరు గారు నెమ్మదిగా చెప్పారు: "రక్తంలో కాపలా కాసే తెల్ల కణాలు ఎదిగేటప్పుడు కొన్నిసార్లు రెండేసిగా చీలి, ఆ తర్వాత చీలడం ఆగిపోవాలమ్మా. ఆగాకే పని నేర్చుకుంటాయి. నీవి ఆగడం మరిచిపోయినాయి, అదే నీ జబ్బు. మీ అక్కవి సరిగ్గా ఆగతా ఉండాయి."

"అయితే ఇంటికి పోవచ్చా సార్?"

"ఇంకా పోకూడదు. జలుబు చేసినా తట్టుకోలేవు."

అద్దం అవతలున్న అమ్మకు చెయ్యి ఊపి, బాగున్నానని సైగ చేశాను. ఆమె అద్దానికి అరచెయ్యి ఆనించి నన్ను పిలిచింది. మాట వినబడలేదు గాని, పెదవుల మీద ఆడింది నీ పేరు.