మామగారి పేరు

నవంబర్ 12, మంగళవారం

మా ఆయన కంటి ఆపరేషన్ అయి నాలుగో రోజు. కుడి కంటికి కట్టు, ఎడమది ముందు నుంచీ అంతంత మాత్రం. రెండు వారాలు కంప్యూటర్ ముట్టుకోవద్దని డాక్టర్ చెప్పాడు. ఆయన నడిపే పత్రిక ఆగదు కదా. ఆయన సోఫాలో పడుకుని చెప్తుంటే నేను టైప్ చేశాను. నలభై ఒక్క వాక్యాలు. బడులకు రావలసిన బొగ్గు గురించి. పిల్లలు కోట్లు విప్పకుండా చలిలో రాసుకుంటున్నారు, జిల్లా కాగితాల్లో మాత్రం బొగ్గు వచ్చేసింది. ఎటు పోయిందో అకిమే జవాబు చెప్పాలని చివరి వాక్యం. అకిమ్ అంటే మా జిల్లాకు పెద్ద అధికారి. మొత్తం గట్టిగా చదివి వినిపించాను. ఒక్క తప్పు లేదు, ఇన్నాళ్లూ నిన్ను వంటింట్లో పెట్టి పత్రికకు అన్యాయం చేశానే అన్నారు.

నవంబర్ 14

పత్రిక వచ్చింది. ఆరు వందల కాపీలూ మధ్యాహ్నానికే అయిపోయాయట.

నవంబర్ 18, ఉదయం 7.40

నలుగురు పోలీసులు వచ్చారు. బూట్లు విప్పలేదు. కంప్యూటర్, రెండు ఫోన్లు, ఆయన. కంట్లో రోజుకు నాలుగుసార్లు వేయాలని చుక్కల మందు ఇవ్వబోయాను. అక్కడ చూడ్డానికి ఏముందక్కా అని ఒకడు నవ్వాడు. పక్కవాడు మాత్రం తల దించుకుని సీసా జేబులో వేసుకున్నాడు.

నవంబర్ 27

లాయర్ చినారా వచ్చింది. బొగ్గు గురించి ఎవరూ అడగడం లేదట. గొడవంతా ఒక్క మాట మీదేనట. రాజధాని బిష్కెక్ నుంచి భాషా నిపుణురాలు పదకొండు పేజీల రిపోర్ట్ పంపింది. చివరి వాక్యంలో అకిమ్ పేరు ఉండాల్సిన చోట ఊళగొంతు అని ఉందట. అధికారిని క్రూరమృగంతో పోల్చి జనాన్ని ఉసిగొల్పడమట. ఐదేళ్ల దాకా పడొచ్చు. మీ ఆయనకి అంత నోటి దురద ఎందుకు వదినా అని చినారా విసుక్కుంది.

నాకు వెంటనే వెలగలేదు. వెలిగాక పత్రిక తీసి చివరి వాక్యం మళ్లీ చదివాను.

అదే రోజు, సాయంత్రం 5

వరుసగా రాస్తాను. మా అకిమ్‌దీ, చనిపోయిన మా మామగారిదీ ఒకటే పేరు. గొర్రెల్ని ఎత్తుకుపోయే జంతువు పేరు అది. కోడలు మామగారి పేరు పలకదు, రాయదు. ఆ పేరున్న ఇంకెవరినీ ఆ పేరుతో అనదు. కాపురానికి వచ్చిన వారంలోనే అత్తగారు నాకు బదులు మాట ఇచ్చింది, ఊళగొంతు అని. ఇరవై ఏడేళ్లు. కొండ మీద ఆ జంతువైనా, టీవీలో ఈ అకిమ్ అయినా నాకు ఊళగొంతే. ఆ రోజు మా ఆయన చెప్పింది అకిమ్ పేరే. నా వేళ్లు తమకు తెలిసిన మాట కొట్టాయి. చదివినప్పుడు ఆయన చెవికీ అది తేడాగా తగలలేదు. మా ఇంట్లో అది తప్పు కాదు.

తప్పు చేసింది నేను. ఇంట్లో ఉన్నదీ నేనే.

డిసెంబర్ 3

విచారణాధికారికి అంతా చెప్పాను. మొగుణ్ణి విడిపించుకోవడానికి ఆడవాళ్లు చెప్పే కథలు చాలా విన్నానక్కా, ఇది మాత్రం కొత్తగా ఉంది అన్నాడు. రాసుకోలేదు.

డిసెంబర్ 20

చుక్కల మందు తిరిగొచ్చింది. సీల్ తీయలేదు.

జనవరి 22, కోర్టు

నన్ను సాక్షిగా పిలిచారు. ఆ మాట ఎవరి పేరుకు బదులో ఆ పేరు చెప్పమన్నాడు ప్రాసిక్యూటర్. చినారా అడ్డుపడింది. పేరు చెప్పకపోతే ఈ సాక్ష్యం లెక్కలోకి రాదని జడ్జి అన్నాడు. మొదటి వరుసలో అత్తగారు. ఎనభై రెండేళ్ల మనిషి, ఎవరు వద్దన్నా వినకుండా వచ్చింది. గాజు బోనులోంచి ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు. కుడి కన్ను ఎర్రగా వాచి ఉంది. ఒక్క పేరు, ఐదేళ్లు. పోల్చి చూసుకున్నాను.

చెప్పాను.

అత్తగారు తలగుడ్డ అంచుతో నోరు మూసుకుంది. ప్రాసిక్యూటర్ జడ్జి వైపు తిరిగి, విన్నారుగా, ఎంత చక్కగా పలికిందో, నోటికి రాదన్న పేరు వచ్చేసింది, అంటే రాయాలనుకుంటే రాయగలిగేదే, కావాలనే మార్చారు అన్నాడు. వెనక ఎవరో నవ్వారు.

జనవరి 23

నాలుగేళ్లు. పత్రిక మూసేయాలి. తీర్పు పద్నాలుగు పేజీలు. బొగ్గు అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని మూడుసార్లు వెతికాను. లేదు.

జనవరి 30

అత్తగారు వారంగా నాతో మాట్లాడలేదు. టీ పోస్తే తాగుతోంది. ఈ రోజు గిన్నెలోకి చూస్తూ, అరవై ఏళ్లు కాపురం చేశాను, ఒక్కసారీ ఆ పేరు అనలేదు, పైకి అంటే ఎలా ఉంటుందో అనుకునేదాన్ని, ఇంతేనటే కోడలా అంది.

ఫిబ్రవరి 10

జైలుకి మొదటి పార్సెల్. ఫారంలో మూడు గళ్లు. ఖైదీ ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు. కిటికీ వెనక అమ్మాయి నన్ను చూసి, మూడోది వదిలెయ్ అక్కా, కోడళ్లందరూ అక్కడే ఆగిపోతారు, నీ మామగారు నాకేమీ కారుగా, నేను రాస్తాలే అంది.

అక్కర్లేదమ్మా, నాకిప్పుడు వచ్చు అన్నాను.