పైన తొట్టి, కింద కత్తెర

చెల్లాయికి,

తోడికోడలు రాసిందని చింపేయకుండా చదువు.

నా పాకే గులాబీ తొట్టిలోంచి నీళ్లు నువ్వు ఆరేసిన బట్టల మీద కారిన రోజు నుంచి మనకు మాటల్లేవు. ఆ కొమ్మలు మేడ మీది నుంచి నీ బాల్కనీలోకి వేలాడాక వాటి చివర్లు తెగి కనిపించాయి. కోపంతో కోశావనుకుని మీ బావగారి దగ్గర నిన్ను నానా మాటలూ అన్నాను.

నిన్న వంగి చూశాను. వాడిన పూలే కోశావు, ఒక్క మొగ్గా పోలేదు. కోసినచోటల్లా చిగురు. ఈ ఏడు మూడోసారి విరగబూసిందంటే అంతా నీ చలవే.

తొట్టి కింద పళ్లెం పెట్టాను, ఇక నీళ్లు కారవు. ఈ ఉత్తరం కొమ్మకే కట్టి వదులుతున్నాను. పైన వాడిన పూలు నీకు అక్కణ్ణుంచి అందవు. కత్తెర పట్టుకుని మెట్లెక్కి రా.

అక్క